గోడకి మందా, దోమతెరా, ఫాగింగా? ముందు మీ ఇంటి దోమ ఎక్కడ కూర్చుంటుందో చూడండి

పోయిన వేసవిలో పాడేరు వైపు మా పిన్ని వాళ్ళ ఊరెళ్ళా, సరిగ్గా అదే రోజు మందు కొట్టేవాళ్ళు వచ్చారు, పంపులు మోసుకుంటూ ఇంటింటికీ తిరుగుతున్నారు. పిన్ని గుమ్మంలో అడ్డంగా నిలబడి "మొన్ననే గోడలన్నీ ఎర్రమట్టితో అలుక్కున్నాను బాబూ, మా ఇంటికొద్దు, మాకు దోమతెరలు ఇచ్చారు కదా" అంటోంది. నన్ను చూసి "నువ్వైనా చెప్పరా, తెర ఉండగా మళ్ళీ గోడకి మందెందుకు?" అని నా మీదకి తోసింది. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా. చివరికి వసారాకి, వంటింటి బయటి గోడకి కొట్టనిచ్చింది, పడుకునే గదికి మాత్రం కొట్టనివ్వలేదు. మలేరియా దోమ విషయంలో ఆ ఒక్క గదే అన్నిటికంటే ముఖ్యమైనదని తెలిసి కూడా ఒప్పించలేకపోయానే అని చాలా రోజులు బాధపడ్డా. ఇదే ప్రశ్న మీ ఇంట్లోనో మీ ఊళ్ళోనో వచ్చి ఉంటుంది కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం: కుట్టడం కాదు, కూర్చోవడం

మనం దోమ అనగానే కుట్టడం గురించే ఆలోచిస్తాం. కానీ మలేరియా కథంతా కుట్టిన తర్వాత నడుస్తుంది. ఆడ అనాఫిలిస్ దోమ ఒక్కసారి రక్తం తాగితే దాదాపు తన బరువంత రక్తం పొట్టలోకి ఎక్కించుకుంటుంది, ఆ బరువుతో ఎక్కువ దూరం ఎగరలేదు, అందుకని దగ్గర్లో ఉన్న గోడ మీదే వాలిపోయి ముందు రక్తంలోని నీళ్ళు బయటికి వదిలేస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక చీకటి మూల చూసుకుని గుడ్లు తయారయ్యేదాకా, అంటే మన వేడికి దాదాపు రెండు రోజులు, కదలకుండా కూర్చుంటుంది. అటక కింద, దూలం పక్కన, దండెం మీద బట్టల వెనక, నులక మంచం కింద, గాదె చాటున. గుడ్లు పెట్టొచ్చాక మళ్ళీ రక్తం కోసం వస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. మలేరియా రోగి రక్తం తాగిన దోమ వెంటనే రోగం అంటించలేదు, దాని ఒంట్లో ఆ క్రిమి పెరిగి లాలాజలం దాకా చేరడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అంటే ఆ దోమ నాలుగైదు సార్లు రక్తం తాగి, నాలుగైదు సార్లు ఎక్కడో ఒకచోట కూర్చుని, ఇంకా బతికుంటేనే మనకి ప్రమాదం. కూర్చున్న ప్రతిసారీ గోడ మందు సగం దోమల్ని చంపుతుంది అనుకుందాం, అలా ఐదు సార్లు అయ్యేసరికి 100 దోమల్లో మూడు మిగులుతాయి. దోమలన్నిటినీ చంపక్కర్లేదు, ముసలివి కాకుండా ఆపితే చాలు. గోడకి మందు కొట్టడం అనే ఆలోచన మొత్తం ఈ లెక్క మీదే నిలబడింది.

ఇది పనిచేస్తుందని మన దేశమే పెద్ద రుజువు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యే నాటికి ఏడాదికి దాదాపు ఏడున్నర కోట్ల కేసులని అంచనా ఉండేది, ఊరూరా ఇళ్ళ గోడలకి డీడీటీ కొట్టారు, 1965 నాటికి అవి లక్ష దగ్గరికి పడిపోయాయి. తర్వాత దోమ డీడీటీకి అలవాటు పడిపోయింది, పని కూడా సడలింది, 1976లో మళ్ళీ 64 లక్షలు దాటాయి. మలేరియా క్రిమి దోమ ఒంట్లోనే పెరుగుతుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, ఇది చదివిన ప్రతిసారీ నాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

కానీ దోమ ఇంట్లో కూర్చోకపోతే? అప్పుడు గోడకి ఎంత మందు కొట్టినా దండగే. 1970ల్లో ఉత్తర నైజీరియాలోని గార్కి అనే చోట ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఏళ్ళ తరబడి ఇళ్ళకి గట్టి మందు కొట్టించారు, దాంతో పాటు జనానికి మాత్రలు కూడా ఇచ్చారు, అయినా మలేరియా ఆగలేదు. అక్కడి దోమల్లో కొంత భాగం మొదటినుంచీ బయట కూర్చునే రకం అని తర్వాత తేలింది. సోలమన్ దీవుల్లో ఇంకో రకం జరిగింది, డీడీటీ కొట్టాక అక్కడి దోమ సాయంత్రం పెందలాడే, ఇంటి బయటే కుట్టడానికి మళ్ళింది. అందుకే ఎంపిక చేసే ముందు మీ దగ్గర ఏ దోమ ఉందో తెలుసుకోవాలి.

మన దగ్గర ఏ దోమలు, వాటి అలవాట్లేంటి

మూడు పేర్లు గుర్తుంచుకోండి, చాలు.

మొదటిది అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. పల్లెల దోమ ఇది, మన దేశంలో పల్లె మలేరియాలో ఎక్కువ భాగం దీని వల్లే. వరి మళ్ళు, కాలవలు, వాన గుంటల్లో పెరుగుతుంది. దీనికి మనిషి రక్తం కంటే పశువు రక్తమే ఎక్కువ ఇష్టం. కూర్చునేది మాత్రం కప్పు కిందే, మనిషి ఇల్లైనా సరే పశువుల పాకైనా సరే. డీడీటీకి చాలా చోట్ల లొంగదు, మలాథియాన్ అనే పాత మందుకి కూడా చాలా జిల్లాల్లో లొంగడం లేదు, ఇప్పుడు కొట్టే పైరిత్రాయిడ్ అనే జాతి మందులకీ కొన్ని చోట్ల అలవాటు పడుతోంది.

రెండోది ఫ్లూవియాటిలిస్. కొండ దోమ, నెమ్మదిగా పారే గెడ్డల అంచుల్లో పెరుగుతుంది. ఇందులోనే చూడ్డానికి ఒకేలా ఉండే రకాలు ఉన్నాయి, వాటికి ఎస్, టి, యు అని పేర్లు పెట్టారు. ఎస్ రకం మనిషినే వెతుక్కుని కుట్టి మనిషి ఇంట్లోనే కూర్చుంటుంది, ఒడిశాలో కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో మలేరియాని అంతలా నడిపించింది ఇదే. టి, యు రకాలు పశువుల వైపు పోతాయి, పాకల్లోనే కూర్చుంటాయి, వాటితో మనకి పెద్ద బాధ లేదు. కంటికి ఒక్కటే దోమ, అలవాటు మాత్రం పూర్తిగా వేరు.

మూడోది స్టీఫెన్సై, టౌన్ల దోమ. మేడ మీద ట్యాంకులు, బావులు, కట్టే బిల్డింగుల్లో నిలవున్న నీళ్ళు దీని పుట్టిల్లు. ఇంట్లోనే కూర్చుంటుంది కానీ గోడ మీదే అని కాదు, కర్టెన్ల వెనక, వేలాడే బట్టల మీద, సామాన్ల చాటున చెల్లాచెదురుగా ఉంటుంది.

ఎంపికకి ముందు మీరే వేసుకోవాల్సిన ప్రశ్నలు

దోమ కుట్టాక ఇంట్లో కూర్చుంటుందా, పాకలోకి పోతుందా, చెట్లలోకి పోతుందా? ఇదే మొదటిది. తర్వాత మీ ఇంటివాళ్ళు రాత్రంతా ఎక్కడ పడుకుంటారు, గదిలోనా, వాకిట్లోనా, పంట కాపలాకి మంచె మీదా? గోడ ఏ రకం, మట్టిదా సిమెంటుదా, లేక గోడే లేని తడికల ఇల్లా? పశువులు ఇంటికి ఎంత దగ్గర? ఊళ్ళో ఎన్ని ఇళ్ళు ఒప్పుకుంటాయి? ధర గురించి కూడా అడగాలి గానీ గోడ మందు, దోమతెర రెండూ ఏజెన్సీలో ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను.

మొదటి ప్రశ్నకి జవాబు మీరే చూసుకోవచ్చు. పొద్దున్నే ఆరు, ఏడింటికి తలుపులు బార్లా తెరవకముందే టార్చ్ తీసుకుని చీకటి మూలలు, చూరు కింద, మంచం కింద, బట్టల వెనక వెతకండి. మామూలు ఇంటి దోమ, అంటే క్యూలెక్స్, గోడకి సమాంతరంగా గూని వేసుకుని కూర్చుంటుంది. అనాఫిలిస్ చాలావరకు తల కిందికి, తోక పైకెత్తి వాలుగా కూర్చుంటుంది, రెక్కల మీద మచ్చలుంటాయి. ఇక పొట్ట చూడండి. ఎర్రగా ఉంటే రాత్రే రక్తం తాగింది. తెల్లగా ఉబ్బి ఉంటే గుడ్లు తయారైపోయాయి, అంటే అది తాగి ఒకటిన్నర రెండు రోజులైనా ఇక్కడే ఉందన్నమాట. ఎర్రపొట్టవీ తెల్లపొట్టవీ దాదాపు సమానంగా కనిపిస్తే మీ దోమ ఇంట్లోనే కాపురం పెట్టినట్టు. ఎర్రవి బాగా ఉండి తెల్లవి అసలు కనిపించకపోతే రక్తం అరిగేలోపే బయటికి పోతోందని అర్థం. మలేరియా సిబ్బంది కూడా ఇదే పని చేస్తారు, నేల మీద తెల్ల దుప్పటి పరిచి పైరిత్రమ్ అనే దోమ మందు కొట్టి పడిన దోమల్ని ఏరి ఇలాగే పొట్టలు చూసి లెక్కేస్తారు. ఒకరోజు చూసి తేల్చేయకండి, నాలుగైదు రోజులు, రెండు మూడు ఇళ్ళు, పాకతో సహా చూడండి.

గోడకి మందు

ఏజెన్సీలో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఏసీఎం 5 శాతం, అంటే ఆల్ఫాసైపర్‌మెత్రిన్. పది లీటర్ల నీళ్ళకి 250 గ్రాముల పొడి, దాంతో 500 చదరపు మీటర్లు కొట్టాలి. సరిగ్గా కొడితే పది పన్నెండు వారాలు పనిచేస్తుంది, అందుకే ఏడాదికి రెండు విడతలు. పాత మలాథియాన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలే, మూడు విడతలు కొట్టాలి, వాసన కూడా భరించలేం.

దీని బలం పైన చెప్పిన లెక్కే, క్యులిసిఫేసిస్ లాంటి కప్పు కింద కూర్చునే దోమకి ఇది సూటిగా తగులుతుంది, రాత్రి మీరు ఎక్కడ పడుకున్నారు, తెర కట్టుకున్నారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా దాని పని అది చేసుకుపోతుంది. ఇంటివాళ్ళు రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సిందేమీ లేదు. పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళలో ఇది చాలా పెద్ద మాట.

కానీ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, దీన్నే చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. గోడ మందు మిమ్మల్ని ఆ రాత్రి కుట్టకుండా ఆపదు. దోమ మిమ్మల్ని కుట్టాకే గోడ మీద వాలి చస్తుంది. అంటే మీ గోడ మీద చచ్చిన దోమ వల్ల కాపాడబడేది పక్కింటి పిల్లాడు, పక్కింటి గోడ వల్ల కాపాడబడేది మీరు. అందుకే ఊళ్ళో నూటికి ఎనభై ఐదు గదులైనా కొట్టించుకోవాలని పట్టుబడతారు, సగం ఊరు వద్దంటే కొట్టించుకున్న సగానికి కూడా లాభం పోతుంది. ఇది తెలియక "మందు కొట్టారు, అయినా దోమలు కుడుతున్నాయి, అంతా దొంగ మందు" అని తిట్టేవాళ్ళని చాలామందిని చూశా.

దీని బలహీనతలు: మందు కొట్టాక మట్టితోనో పేడతోనో అలికితే, సున్నం వేస్తే మందు దాని కింద సమాధి అయిపోతుంది. మట్టి గోడ మందుని లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి సిమెంటు గోడ మీద నిలిచినంత కాలం నిలవదు. కొన్ని మందులు, ముఖ్యంగా డీడీటీ, దోమకి చిరాకు తెప్పిస్తాయి, చావకముందే ఎగిరి బయటికి పోతుంది. తడికల ఇంట్లో గోడే సరిగ్గా ఉండదు. ఇక పొలంలో పడుకునేవాళ్ళకి ఇది ఏమీ చేయదు.

దోమతెర, అదే మందు పట్టిన తెర

ఎల్ఎల్ఐఎన్ అని ఇచ్చేవి, నేతలోనే మందు ఉంటుంది, 20 ఉతుకుల దాకా, దాదాపు మూడేళ్ళు నిలవాలి. గోడ మందుకీ దీనికీ అసలు తేడా ఏంటంటే, గోడ దోమని భోజనం అయ్యాక పట్టుకుంటుంది, తెర భోజనానికి వస్తుంటేనే పట్టుకుంటుంది. కాబట్టి కుట్టాక బయటికి పోయే రకం దోమైనా సరే, మీ వాసన పట్టుకుని వచ్చి తెర మీద వాలిందంటే దానికి తగలాల్సింది తగులుతుంది. పైగా తెర లోపల ఉన్న మనిషికి నేరుగా రక్షణ. ఊళ్ళో ఎక్కువమంది కట్టుకుంటే ఊరందరికీ కూడా.

ఒడిశాని చూడండి, 2017లో కోటికి పైగా తెరలు పంచారు, దాంతో పాటు మారుమూల ఊళ్ళకి వెళ్ళి జ్వరం లేనివాళ్ళకి కూడా రక్తపరీక్షలు చేసి మందులిచ్చారు. 2016లో నాలుగు లక్షల నలభై వేలు దాటిన కేసులు 2018కి 70 వేల లోపుకి వచ్చాయి. అంతా తెరల ఘనతే అనను, పరీక్షలు, మందులు కూడా కలిసొచ్చాయి. కానీ అక్కడి ఎస్ రకం దోమ రాత్రిపూట మనిషి కోసం ఇంట్లోకే వచ్చేది కాబట్టి తెర అంత బాగా కుదిరింది.

ఇబ్బంది ఏంటంటే తెర పని మీ మీద ఆధారపడి ఉంటుంది. ఉక్కపోతగా ఉందని కాళ్ళు బయట పెట్టినా, రాత్రి పదింటిదాకా అరుగు మీద కబుర్లు చెప్పుకున్నా, తెల్లారుజామునే లేచి పనికి పోయినా ఆ టైంలో తెర ఏం చేస్తుంది. ఇంకోటి, మామూలు తెరల్లో ఉండేది కూడా పైరిత్రాయిడే, ఏసీఎం కూడా అదే కుటుంబం. దోమ ఒకదానికి అలవాటు పడితే రెండోదీ బలహీనమే. దీనికోసమే పీబీఓ (దోమ మందుని తట్టుకునే శక్తిని తగ్గించేది) కలిపిన తెరలు, క్లోర్‌ఫెనాపిర్ అనే వేరే జాతి మందు కలిపిన రెండు మందుల తెరలు వచ్చాయి, రెండో రకాన్ని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా సిఫారసు చేసింది కూడా. మీ ఊరికి ఇచ్చేవి ఏ రకమో కవర్ మీద చదవండి, అడగండి.

కొత్త తెరని వాడే ముందు ఒకరోజు నీడలో ఆరబెట్టండి, ఉతికినా నీడలోనే. గెడ్డలో మాత్రం ఉతకొద్దు, ఆ మందు చేపలకి విషం.

పశువుల పాక

దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం దీని మీదే ఎక్కువ చెప్పాలనుంది. క్యులిసిఫేసిస్ ఎక్కువ శాతం పశువు దగ్గరే తాగుతుంది, పాకలోనే కూర్చుంటుంది. ఇంటి గోడలకి కొట్టి పాక వదిలేస్తే దోమల్లో పెద్ద భాగాన్ని వదిలేసినట్టే. మా వైపు ఒకే కప్పు కింద ఒకపక్క మనుషులు, తడిక అడ్డంపెట్టి ఇంకోపక్క మేకలు, ఆవులు ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో మందు కొట్టేవాళ్ళు మనుషుల వైపే కొట్టి వెళ్ళిపోతుంటే "అటు కూడా కొట్టండి" అని అడగండి, మొహమాటపడకండి.

పాకిస్తాన్‌లో అఫ్గాన్ శరణార్థుల శిబిరాల్లో ఒక అధ్యయనం జరిగింది, పశువుల ఒంటికే డెల్టామెత్రిన్ మందుని స్పాంజితో తుడిచారు. అక్కడి దోమలు కూడా మనవే, క్యులిసిఫేసిస్, స్టీఫెన్సై. ఫాల్సిపారం రకం మలేరియా కేసులు 56 శాతం, వైవాక్స్ రకం 31 శాతం తగ్గాయి. పశువులకి పిడుదులూ పోయాయి, ఆ లాభం కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి జనం ఒప్పుకోవడం కూడా తేలిక. మన దగ్గర ఇలా చేయాలంటే పశువుల డాక్టర్‌ని అడిగి, ఊళ్ళో పశువులన్నిటికీ ఒకేసారి చేయించాలి, ఒక్కరి ఆవుకి పూస్తే ప్రయోజనం ఉండదు. ఫ్లూవియాటిలిస్ ఎస్ రకం ఉన్న కొండల్లో మాత్రం దీనివల్ల పెద్దగా మార్పు రాదు, దానికి పశువులతో పనే లేదు.

ఫాగింగ్

ఊళ్ళో జ్వరాలు మొదలవగానే అందరూ అడిగేది ఇదే, పొగ బండి వస్తే ఏదో జరిగిపోతోంది అన్న ధైర్యం వస్తుంది. కానీ పొగ తగిలేది ఆ నిమిషంలో గాల్లో ఎగురుతున్న దోమకే, గంట తర్వాత ఏమీ మిగలదు. రక్తం తాగి అటక కింద కూర్చున్న దోమ దాకా వీధిలో పొగ చేరదు. గోడ మీద రెండు రోజులు కూర్చునే దోమ కోసం పది నిమిషాల పొగ పెట్టడం అంటే డబ్బు తగలేయడమే అని నా గట్టి అభిప్రాయం. కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, అదీ ఇళ్ళ లోపల పైరిత్రమ్ కొడితే, అంటువ్యాధి వేగం తగ్గించడానికి కొంత అర్థం ఉంది. అంతకుమించి పంచాయతీ డబ్బులు దీనికి పెట్టొద్దు.

కాయిల్, లిక్విడ్, ఒంటికి రాసుకునేవి

కాయిల్, లిక్విడ్ దోమని కాసేపు దూరంగా పెడతాయి, కొన్ని మత్తుగా పడతాయి. చూరు సందులు తెరిచి ఉన్న పెంకుటింట్లో ఆ ఆవిరి నిలవదు, కరెంటు పోతే లిక్విడ్ ఉత్తదే. గోడ మీద కూర్చున్నదాన్ని పది వారాలు చంపే గుణం వీటికి లేదు. పడుకునేముందు ఆ రెండు మూడు గంటలకి, తెరకి తోడుగా అయితే వాడుకోండి, తెర బదులు మాత్రం కాదు. ఒంటికి రాసుకునే క్రీమ్ పొలం కాపలాకి వెళ్ళేవాళ్ళకి నిజంగా పనికొస్తుంది, కొన్ని గంటలకి మళ్ళీ రాసుకోవాలి.

దోమ పిల్లల్ని, అంటే లార్వాల్ని, నీళ్ళలోనే చంపడం

టౌన్‌లో ఇదే మొదటి మందు. స్టీఫెన్సై పుట్టేది మీ ట్యాంకులో, మూత బిగించి, వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టి, బావిలో లార్వాల్ని తినే గంబూసియా చేపలు వేస్తే చాలావరకు అయిపోతుంది. అది కూర్చునే చోట్లు ఇల్లంతా చెల్లాచెదురు కాబట్టి టౌన్ ఇళ్ళలో గోడ మందు అంత కుదరదు, 1971 నుంచీ పట్టణ మలేరియా పథకం లార్వాల మీదే నడవడానికి ఒక కారణం ఇదీ. కొండల్లో పారే గెడ్డలన్నిటికీ మందు వేయడం మాత్రం అయ్యే పని కాదు.

అన్నీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| పద్ధతి | ఇంట్లో కూర్చునే దోమకి | కుట్టి బయటికి పోయే దోమకి | ఎంతకాలం | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| గోడ మందు | చాలా బాగా | దాదాపు లేదు | పైరిత్రాయిడ్ 10 నుంచి 12 వారాలు | అలికితే, గదులు వదిలేస్తే |
| మందు పట్టిన తెర | బాగా | తెర మీద వాలితే బాగా | దాదాపు 3 ఏళ్ళు | కట్టుకోకపోతే, చిరిగితే |
| పాక, పశువులకి మందు | క్యులిసిఫేసిస్‌కి బాగా | పశువు కోసం వస్తే కొంత | కొన్ని వారాలు | ఊరంతా చేయకపోతే |
| ఫాగింగ్ | చాలా తక్కువ | ఆ నిమిషానికే | గంటలోపు | ఎక్కడైనా |
| లార్వా నియంత్రణ | టౌన్‌లో బాగా | టౌన్‌లో బాగా | వారం వారం చేయాలి | కొండ గెడ్డల్లో |

మరి ఎవరికి ఏది

ఏజెన్సీలో మట్టి గోడల ఇల్లు, పక్కనే పశువులు, పొద్దున్నే టార్చ్ వేస్తే ఎర్రపొట్ట తెల్లపొట్ట దోమలు రెండూ కనిపిస్తున్నాయి అంటే గోడ మందు ఎవరొచ్చినా వద్దనకండి, పాకతో సహా కొట్టించుకోండి. తెరలు ఇచ్చి ఉంటే అవీ కట్టుకోండి. "రెండూ అవసరమా" అని పిన్ని అడిగిన ప్రశ్నకి నిజాయితీగా చెప్పాలంటే, ఊళ్ళో అందరూ రోజూ తెర కట్టుకుంటుంటే, అదే జాతి మందుని గోడకి కూడా కొట్టడం వల్ల అదనంగా వచ్చేది పెద్దగా ఉండదు. కానీ మన ఊళ్ళలో అందరూ రోజూ కట్టుకుంటున్నారా? పది ఇళ్ళు తిరిగి చూడండి, జవాబు మీకే తెలుస్తుంది. వేరే జాతి మందు గోడకి కొడతామంటే మాత్రం రెండూ కలిపి చేయడానికి బలమైన కారణం ఉంది, ఒకదానికి లొంగని దోమ రెండోదానికి దొరుకుతుంది.

పోడు పనులకి వెళ్ళి పొలంలోనే పడుకునే కుటుంబాలకి గోడ మందు సగం ఏడాది పనికిరాదు, వాళ్ళకి తెరే దిక్కు. మంచె మీదకి పట్టే చిన్న తెర విడిగా ఒకటి ఉంచుకోవాలి. ఇంట్లో కట్టినది విప్పి తీసుకెళ్ళాలంటే ఎవరూ తీసుకెళ్ళరు, అది నేను చూసిన సంగతి.

సర్పంచ్‌లు, యువజన సంఘాలవాళ్ళు చదువుతుంటే ఒకటే అడుగుతా, ఫాగింగ్ మెషీన్ కోసం కాకుండా మందు కొట్టే తేదీ నాలుగు రోజుల ముందే ఊరికి తెలిసేలా చూడండి. జనం పనికి పోయి తాళాలు వేసి ఉంటే ఎనభై ఐదు శాతం ఎలా అవుతుంది. ఒక ఊళ్ళో వాళ్ళు సంతరోజు వచ్చి తాళాలు చూసుకుని వెళ్ళిపోయారు, ఆ ఏడాది ఆ ఊరికి ఇంకో విడత రాలేదు.

అరకు, లంబసింగి చూడ్డానికి ఒకటి రెండు రాత్రులు వెళ్ళేవాళ్ళకి సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు, క్రీమ్, పడుకునేటప్పుడు తెర చాలు. తిరిగొచ్చాక చలిజ్వరం వస్తే డాక్టర్‌కి ఎక్కడికి వెళ్ళొచ్చారో చెప్పి మలేరియా రక్తపరీక్ష అడగండి. ఇది అందరికీ వర్తిస్తుంది, పైన చెప్పినవన్నీ చేసినా జ్వరం వస్తే ముందు ఆశా దగ్గర పరీక్షే.

మందు కొట్టే రోజు

అలకడం, సున్నం వేయడం మందు రావడానికి ముందే పూర్తిచేసి గోడ ఆరనివ్వండి. పిన్ని భయపడింది గానీ నిజానికి అప్పుడే అలికి ఆరిన గోడ అంటే మందుకి మంచి టైమే, ఆ తర్వాత రెండున్నర మూడు నెలలు ముట్టుకోకపోతే చాలు. రెండో విడత వానల్లో వస్తుంది, దసరాకి మళ్ళీ అలికేస్తారు, జ్వరాలు ఇంకా తగ్గని రోజుల్లో మందు పోతుంది. పండక్కి గుమ్మం, అరుగు, బయటి గోడ అలుక్కుని లోపలి గోడల్ని సంక్రాంతి దాకా వదిలేయమని మా వాళ్ళకి చెప్తున్నా.

బియ్యం, నీళ్ళ కుండలు, గిన్నెలు, పరుపులు బయట పెట్టండి, కదలని సామాన్లని గది మధ్యకి జరిపి కప్పండి, గోడ మీద క్యాలెండర్లు, దండెం బట్టలు తీసేయండి, దోమ కూర్చునేది వాటి వెనకే. కొట్టేవాళ్ళు పంపు మూతిని గోడకి మూరెడు దూరంలో, 45 సెంటీమీటర్లు అంటారు, ఉంచి పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా కొట్టాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు. మంచం కింద, అటక కింద, చూరు లోపలి వైపు కొట్టారా లేదా చూసుకోండి. గోడ ఆరేదాకా పిల్లల్ని లోపలికి పంపొద్దు. ఒంటి మీద పడితే సబ్బుతో కడుక్కోండి, కాసేపు మంటగా ఉంటుంది, తగ్గిపోతుంది. మిగిలిన మందుని గెడ్డలోనో చెరువులోనో పోయనివ్వకండి.

ఆగస్టులో రెండో విడత వస్తోందని తెలిసి పిన్నికి ఫోన్ చేసి ఈ తెల్లపొట్ట దోమల సంగతి చెప్పా. "ఆగు, చూసొస్తా" అని ఫోన్ పెట్టేసి, మర్నాడు పొద్దున్నే తనే చేసింది. "పడుకునే గదిలో దండెం వెనక పదకొండున్నాయిరా, అందులో నాలుగు తెల్లపొట్టవి, మన రక్తం తాగి మనింట్లోనే పడుకుంటున్నాయి" అంది, గొంతులో కోపం. ఈసారి ఆ గదిలో సామానంతా ముందురోజే వాకిట్లో పెట్టించిందట, పాక కూడా కొట్టించింది. నవంబర్‌లో రాగుల కాపలాకి బాబాయి మంచె మీదకి వెళ్ళేటప్పుడు పాత తెర చిరుగులు కుట్టి సంచిలో పెట్టి ఇచ్చింది.